సున్నం గీత లోపల నలభై

చేనికి పరుగెత్తుకొచ్చిన మనవరాలికి, బురద చేతులతో ముసిముసిగా నవ్వుతున్న అవ్వ కనిపించింది.

“ఏం చేసినావవ్వా?”

“మన్ను పరీక్షకు ఆఫీసరప్ప వస్తాండాడు కదా! నిన్న సున్నం గీసిన చోట తవ్వి వానపాములు లెక్కబెడతాడంట. మనకు పరువు లేదా? అరటిపాదిలోవి నలభై తెచ్చి పూడ్చినా.”

“అయ్యో! పదికి తక్కువుంటేనే మన్ను బలానికి జనుము విత్తనాలు ఊరికే ఇచ్చేది!”

“ముందే చెప్పాల కదమే! తవ్వు, తవ్వు!”

నవ్వాగక మనవరాలికి చేతులాడలేదు.

“నవ్వొద్దే, లెక్క తప్పుతాది!”

“ముప్పై ఆరు దొరికినాయి. నాలుగు లేవవ్వా. ఆఫీసరప్ప గట్టు మీదికొచ్చేసినాడు!”

“ఉండనీలేమే, పదికి తక్కువే కదా. ఆ నాలుగిటికీ మన చేను నచ్చినట్టుండాది.”