వెంగమ్మ గండి వెతకబోయిన కథ

వెంగమ్మ అని ఒకామె ఉందంట, పడమటి పేటలో చిట్టచివరి ఇల్లు. ఏ ఊరని అడగబాకండి, మన చుట్టాలున్నారు ఆడ, రేపు నా మీదకొస్తారు. చేతులు మిరపకాయల తొడాలు తీస్తా ఉండాలి, చెవులు ఇటు పడెయ్యండి. ఆమె మొగుడు కోటయ్య. ఒక బర్రె, ఎకరంనర మాగాణి. ఆ మాగాణి కూడా కాలవకి చిట్టచివరే, పైవాళ్ళు తడుపుకోంగా మిగిల్తే వీళ్ళకి. ఒకటే కూతురు, శేషు. ఆ పిల్లకి పుట్టు చెవుడు, మాటా రాలా. అయితే ఏంది, తల్లీకూతుళ్ళు చేతుల్తోనే మాట్టాడుకునేవాళ్ళంట. బళ్ళో నేర్పేది కాదు, వాళ్ళింట్లోనే పుట్టిన చేతిమాట. మీసం దువ్వితే నాన్న, నెత్తిన కొమ్ములు చూపిస్తే బర్రె, చెంపల మీద వేళ్ళు కిందికి జారిస్తే ఏడుపు. ఆ పిల్లని గోదారి అవతల ఒక మంచి పిల్లగాడికిచ్చారు, రొట్టెలు కాల్చే బట్టీలో పని, అతనికీ వినపడదు. ఇద్దరూ చక్కగా ఉన్నారు. శేషుకి ఏడో నెల వచ్చింది.

ఇప్పుడు మీరైతే కూతురితో ఫోన్లో గంట మాట్టాడతారు. వెంగమ్మ ఫోను చెవికి పెట్టుకుని ఏం చేసుకుంటది? బొమ్మ కనపడాలి, చేతులాడాలి. ఆ పేట పల్లంలో ఉంది, టవరు సరిగా అందదు. అందుకని కేబులు మస్తాను చేత ఇంటికి నెట్టు తీగ లాగించుకుంది. అల్లుడి దగ్గర ఉండేది ఒకటే ఫోను. అతను తెల్లారకముందే బట్టీకి పోయి రాత్రి ఏడింటికి ఇంటికొస్తాడు, కాబట్టి ఏమున్నా ఆ ఏడింటికే. రాసి పంపితే ఎవరిచేతైనా చదివించుకోవచ్చుగా అంటావు, నాకు తెలుసు కుమారీ, నువ్వు అంటావు. కూతురు అమ్మతో చెప్పుకునేయి ఊళ్ళోవాళ్ళ చేత చదివించుకుంటారంటే? ఆ తాలుకాయ మంచికాయల్లో వేశావు, తియ్యి.

ఏమైందంటే, మొదట్లో బాగానే ఉందంట. రాను రాను పేటలో ఇరవై రెండిళ్ళకీ నెట్టు వచ్చింది. ఇక ఏడయితే చాలు, బొమ్మ ఆగిపోద్ది. నడిమధ్యన చక్రం తిరగతా ఉంటది, తిరగతా ఉంటది, ఆ పిల్ల చెయ్యి గాల్లో అట్టానే నిలబడిపోద్ది. మనకైతే బొమ్మ ఆగినా మాట వచ్చుద్ది అనుకో. వాళ్ళకి చెయ్యి ఆగితే మాట ఆగినట్టే. ఒకరోజు శేషు ఏడుస్తా కనపడింది. చెయ్యి పొట్ట మీద పెట్టింది, ఏదో చెప్పబోయింది, ఆగిపోయింది. మర్నాడూ అంతే. తొమ్మిది రోజులు అదే చెయ్యి, అదే పొట్ట, అదే ఏడుపు. కడుపులో బిడ్డకేమన్నా అయిందా, మొగుడేమన్నా అన్నాడా, డాక్టరేమన్నా చెప్పిందా, ఏం తెలవదు. వెంగమ్మకి ముద్ద దిగలా, కన్ను మూతపడలా.

మస్తానుని పిలిపించింది. పొద్దున వచ్చాడు, చూశాడు, బొమ్మ గలగలా పారతంది. బాగానే ఉందిగా పిన్నమ్మా అన్నాడంట. నీ కూతురు కడుపుతో ఉండి ఏడిస్తే నువ్వు పొద్దున బాగానే ఉందిలే అని ఊరుకుంటావారా అని గట్టిగా వేసుకుంది. అప్పుడు కూర్చుని చెప్పాడు పాపం. "పిన్నమ్మా, తీగ తెగలా, పెట్టె చెడిపోలా. మన పేటంతటికీ బడి గోడకున్న ఆ ఒక్క పెట్టెలోంచే రావాలి. పొద్దున ఇద్దరో ముగ్గురో వాడతారు, సరిపోద్ది. ఏడింటికి ఇరవై రెండిళ్ళూ ఒక్కసారే తెరుస్తాయి. వచ్చేదేమో అంతే, తలా ఒక చుక్క. పెద్ద తీగ వెయ్యమని పైవాళ్ళకి అర్జీ పెట్టా, ఎప్పుడేస్తారో తెలవదు." ఇంత చెప్పినా ఈమె బుర్రకి ఒక్క ముక్కే ఎక్కింది. ఓహో, నీళ్ళల్లో మేమే చివర, ఇందులోనూ మేమే చివర. అయితే పైన ఎవడో గండి కొట్టాడు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది చూడండి. చివరి పొలాలకి నీళ్ళు రాకపోతే ఆ చివరివాళ్ళు తూము కాడ మొదలుపెట్టి కాలవ వెంట నడుచుకుంటా వస్తారు. యాడ గండి కనపడితే ఆడ కూర్చుంటారు. తిట్టరు, కొట్టరు, కూర్చుంటారంతే. గండి కొట్టినోడు సిగ్గుపడి మజ్జిగ తెచ్చిచ్చి, గండి పూడ్చేదాకా లేవరు. వెంగమ్మ అట్టా కూర్చోటంలో పేరుమోసిన మనిషి. ఆరోజు ఏడింటికి కూతురి బొమ్మ కూడా చూడకుండా, ఎట్టాగూ ఆగిపోయేదేగా అనుకుని, బడి గోడ కాడికి పోయింది. పెట్టె కాడ నుంచి తీగ వెంట తలెత్తి చూసుకుంటా బయల్దేరింది.

మొదటిది మేడిల్లు. వీడే దొంగ అనుకుంది. లోపల చూస్తే వీరరాఘవయ్య గారు ఒక్కడే కూర్చుని టీవీలో పద్యనాటకం చూస్తా కళ్ళు తుడుచుకుంటన్నాడు. ఈమె గడప కాడ కూర్చుంది. ఆయనకి విషయం అర్థమయ్యి, నేనొక్కణ్ణేగా వెంగమ్మా, నా ఒక్కడితో ఏం తరుగుద్ది అన్నాడు, మజ్జిగిచ్చాడు. తర్వాత మిషను కుట్టే రాహేలు. జాకెట్టు చేతికి కుచ్చులు పెట్టటం ఫోన్లో చూసి కుడతంది. నేనొక్కదాన్నేగా వదినా అంది, మజ్జిగిచ్చింది. ఇంకో ఇంట్లో అందరూ వంటింట్లో అన్నాలు తింటన్నారు, ముందు గదిలో టీవీ గోడకి కథ చెబతంది. ఒకడు నిద్రపోతన్నాడు, గుండెల మీద ఫోన్లో కుస్తీ జరగతంది. లేపితే నేనొక్కణ్ణేగా అంటాడు. ఇంటింటికీ అదే మాట, ఇంటింటికీ మజ్జిగ. తాగి తాగి వెంగమ్మ కడుపు కుండయింది గానీ, ఇదిగో ఇదీ గండి అని చూపించటానికి ఒక్కటి కనపడలా.

అట్టా అట్టా ఇరవై ఒక్క ఇల్లు అయిపోయింది. ఇక మిగిలింది ఎవరిది? ఆమెదే. ఇంట్లోకి పోతే మంచానికి ఎదురుగా టీవీ మోగతంది, మంచం మీద మనిషి లేడు. కొట్టంలో చూస్తే కోటయ్య పాలు పితకతన్నాడు, గుంజకి పాత ఫోను వేలాడతంది, అందులో పాట, బొమ్మతో సహా. బొమ్మ బర్రె వైపుకి తిప్పి పెట్టాడు. ఏందయ్యా ఇది అంది. పాట పెట్టకపోతే ఇది చేపటం లేదే, పాలు దించటం లేదే, ఆర్నెల్ల నుంచీ అలవాటయింది, నేనొక్కణ్ణేగా అన్నాడు. వెంగమ్మ ఆ పేడలోనే చతికిలబడి కూర్చుంది. ఎంతసేపు కూర్చుందంటే, చివరికి కోటయ్య లేచి లోపలికిపోయి మజ్జిగ తెచ్చిచ్చాడంట.

నవ్వండి, నవ్వండి. మర్నాడు ఆమె కూడా నవ్వుకుంటానే మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. గండి దొరికిందండీ, మా ఇంట్లోనే ఉంది, పూడ్చుకున్నా అని చెప్పింది. మా పిల్ల తొమ్మిది రోజులుగా ఏడుస్తంది, ఎందుకో నాకు తెలవదు, ఏడింటికి ఒక్క పావుగంట మీరు కూడా పూడ్చండి అని అడిగింది. దొంగా అని వచ్చుంటే పోట్లాడేవాళ్ళే. మా ఇంట్లోనే అన్నాక ఎవరేమంటారు? వీరరాఘవయ్య గారు, నా పద్యం పావుగంట ఆగితే కొంపలేం మునగవులే అన్నాడంట.

ఏడయింది. పేటలో ఒక్కొక్క ఇల్లే మూగబోయింది. శేషు బొమ్మ వచ్చింది, వచ్చి ఆగలా. చేతులు రెండూ నిండుగా కనపడినయ్యి. పొట్ట మీద చెయ్యి పెట్టింది, ఒళ్ళో బిడ్డని ఊపినట్టు ఊపింది, చెంపల మీద వేళ్ళు జారించింది, తన చెవి చూపించి, మొగుడి చెవి చూపించి, లేదు లేదని తల ఊపింది. అంటే ఏంది? బిడ్డ ఏడిస్తే మాకెట్టా తెలుస్తదమ్మా అని. ఇంతేనంట తొమ్మిది రోజులుగా అడిగింది. వెంగమ్మ ఏడవలా. నడుముకి ఏదో కట్టుకున్నట్టు చూపించి, రెండుసార్లు లాగింది. శేషు చిన్నప్పుడు ఇదిగో మనలాగే మిరపచేలో కాయ కోతకి పోతే, పిలిస్తే పలకదు కదా, పిల్ల నడుముకి తాడు కట్టి ఆ కొస తన చేతికి కట్టుకునేదంట. రెండుసార్లు లాగితే పిల్ల వచ్చేది. అదే చెప్పింది. బిడ్డ కాలికొక మెత్తటి దారం, నీ చేతికి ఆ కొస. ఏడిస్తే కాలాడకుండా ఉండదు. ఆ పిల్ల చూసి, గాల్లో రెండుసార్లు లాగి, నవ్వింది.

నెల ముందే వెంగమ్మ కాన్పుకని కూతురి దగ్గరికి పోయింది, ఆడపిల్ల పుట్టింది. కోటయ్య ఒక్కడే ఇక్కడ. ఏడింటికి పేట పావుగంట కట్టేస్తే, ఈయన పాలు పితుక్కుంటానే కొట్టంలోంచి ఫోను కలిపేవాడు. ఆ ఫోన్లో పాటలు కట్టేశాడు కదా, బర్రె చేపాలి కదా, కాబట్టి తనే పాడేవాడు. పిల్లకి రెండో నెల వచ్చాక ఒకరోజు శేషు ఒళ్ళో గుక్కపట్టి ఏడుస్తంది. ఆ పాట వినపడంగానే ఏడుపు ఆపి, ఫోను వైపు తల తిప్పింది. శేషు చూసింది. పిల్లనీ చూసింది, ఫోనునీ చూసింది, మీసం దువ్వి తల్లిని అడిగింది, నాన్నేనా అని. వెంగమ్మ అవును, పాడతన్నాడు అని చెప్పబోయింది. చెయ్యి లేవలా. పాటకి వాళ్ళింట్లో చేతిమాట లేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అవసరం పడలా. ఏం చేస్తది, గుప్పిళ్ళతో పాలు పితికినట్టు చూపించింది. శేషు తన పిల్లకి వినపడతందని పిల్లని గుండెకి పెట్టుకుని, అట్టాగే గాల్లో పితికి పితికి ఏడ్చిందంట. ఆ ఇంట్లో ఇప్పటికీ పాట అంటే పాలు పితకటమే.

తర్వాత పెద్ద తీగ వచ్చిందంట, ఏడింటికి ఇప్పుడేదీ ఆగదు. అయినా ఆ పేటలో పావుగంట కట్టేస్తానే ఉన్నారు, అది శేషుదని. కోటయ్య పాట మీద మోజుతో కాదులే, ఆ గొంతు నేను విన్నా, మన రుబ్బురోలు నయం. సరే లెండి, పొద్దుగూకతంది, ఆ గోతాం మూతి కట్టండి. కుమారీ, పొద్దున వచ్చేటప్పుడు మీ ఇంట్లో టీవీ కట్టేశావా లేదా, ముందది పోయి చూసుకో.