మూడో విజిల్

నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదివే ఇద్దరమ్మాయిల ఫ్లాట్. మధ్యాహ్నం కుక్కర్ రెండు విజిల్స్ వేసింది.

“కుక్కర్ ఆపవే! కింది ఫ్లాట్ ఆస్ట్రేలియా సింగర్ పాట రికార్డు చేసుకుంటోంది. మూడింటిదాకా చప్పుడు చెయ్యొద్దని పొద్దున బతిమాలిందిగా!”

“అయ్యో, మర్చేపోయా! ఆపేశాలే. పప్పింకా పలుకుగానే ఉంటుంది.”

“నీ పప్పు గోల నీది. మొదటి రెండు ఆల్బమ్‌లూ అమ్ముడుపోలేదని కంపెనీ ఆమెను వదిలేసింది. ఈ మూడో ఆల్బమ్ సొంతంగా చేసుకుంటోంది. రేపే సిడ్నీ ఫ్లైట్ కూడాను.”

“కింద ఆమె గిటార్ ఆగింది. మెట్లెక్కి వస్తోందే! తలుపు నువ్వు తియ్యి, ప్లీజ్.”

“వంట నీది, తిట్లు నాకా? సరే, ఉండు.”

రెండు నిమిషాలకు తలుపు మూసి వచ్చింది.

“ఏమందే? బాగా తిట్టిందా?”

“రెండు విజిల్సూ పాటలో భలే కలిశాయట. రోజూ మూడొస్తాయిగా, మూడోది ఏదని అడుగుతోంది. స్టవ్ వెలిగించు!”