నలుగురి ముందు మూత విప్పిన బాలశౌరి గారు

1949వ సంవత్సరం జూన్ పదమూడవ తేదీన మా రేడియో కంపెనీ తిరువూరు శాఖలో మెకానిక్కుగా ప్రవేశించిన శ్రీ బాలశౌరి గారు, ముప్పై సంవత్సరాల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న సందర్భంలో, మా కంపెనీ పత్రికలో ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం గుమాస్తానైన నాకు దక్కింది. భాగ్యమన్నానే గాని, కలం పట్టినప్పటి నుంచి నాకు భయంగానే ఉంది. కారణం చివర విన్నవిస్తాను.

రెడ్డిగూడెం, ఎ.కొండూరు నుంచి జనం బస్సుల్లో ఒళ్లో పెట్టుకొని తెచ్చిన రేడియోలెన్నింటినో వారు మళ్లీ పలికించారు. లోపలి సామాను మార్చేస్తారేమోనన్న అనుమానం ఖాతాదారులకు సహజం. అందుకే ఏ రేడియో వెనక మూతనైనా యజమాని కళ్లెదుటే విప్పి, చెడిన భాగాన్ని అతని చేతిలోనే పెట్టేవారు. 1968లో సీనియర్ మెకానిక్కు అయ్యాక కూడా ఈ నియమం తప్పలేదు.

1977లో ప్రధాన కార్యాలయం వారు ఒక కొత్త యంత్రాన్ని పరీక్షకు పంపారు. టీవీ వంటి తెర మీద వెలుగుచుక్క బంతిలా అటూ ఇటూ పరుగెడుతుంటే, ఇనుప పిడి తిప్పి దాన్ని కొట్టే ఆట అది. పోటీ కంపెనీలు కాపీ కొడతాయని వెనక గది కిటికీలకు గోనెపట్టాలు కొట్టించారు. ఆడి చూడవలసిన మా ఆఫీసు సిబ్బంది అందరి చేత ఇంట్లో కూడా చెప్పబోమని ఒట్టు వేయించారు. మూత విప్పినవారికి ఉద్యోగం ఉండదని ఉత్తర్వు. నేను రాసే రిజిస్టరులో ‘ఆట బాగున్నదా?’ అన్న గడి ఒక్కటే ఉండేది. ఆ గదిలో అడుగు పెట్టాలంటే మా అందరికీ భయంగా ఉండేది.

నాలుగవ రోజున, మా ఆఫీసు ఊడ్చే అంతోనమ్మ గారు ఆడుతూ ఆడుతూ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

“పిడి పట్టుకుంటే జివ్వుమని షాకు కొడతా ఉందండి. నిన్న కూడా కొట్టింది. ఒట్టేయించుకున్నారు గదండీ, బయమేసి చెప్పలేదు,” అన్నారు పక్కనే ఉన్న బాలశౌరి గారితో.

వారు వెంటనే ప్లగ్గు పీకి, నా చేత ఒక పక్క పట్టించి, యంత్రాన్ని వరండాలోకి తెచ్చారు. వీధిలోని జనం మూగారు. మేనేజరు శ్రీ దశరథరామయ్య గారు పరుగున వచ్చారు.

“మూత తీశారంటే మీ ఉద్యోగం ఉండదండీ!”

“చెయ్యి పెట్టింది ఆవిడండి. లోపలేముందో ఆవిడకి చూపించాలి గదండీ,” అన్నారు బాలశౌరి గారు.

స్క్రూడ్రైవరు పట్టిన వారి చెయ్యి వణుకుతూనే ఉంది. మూత రాగానే, తొడుగు ఒరిసిపోయిన తీగె ఒకటి పిడి ఇనుముకు తగులుతూ అందరికీ కనబడింది.

బాలశౌరి గారిని సంజాయిషీ కోరుతూ ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ తరువాత మూడు నెలలు, పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే చాలు, ఆఫీసంతా బిగుసుకుపోయేది. వారి ఉద్యోగం పోలేదు గాని, రావలసిన ఫోర్‌మన్ పదవి మాత్రం ఈనాటికీ రాలేదు.

ఇక నా భయం సంగతి. అంతోనమ్మ గారికంటే ముందు, మొదటి రోజునే, ఆ పిడి నాకు షాకు కొట్టింది. రిజిస్టరులో నేను ‘ఆట బాగున్నది’ అని రాశాను. ఈ రెండేళ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఈ సంచికను అంతోనమ్మ గారికి ఎవరో ఒకరు చదివి వినిపిస్తారని తెలిసే రాస్తున్నాను. సిగ్గుగా ఉంది, క్షమించమని అడుగుతున్నాను.

సతీమణి శ్రీమతి సామ్రాజ్యం గారితోను, పిల్లాపాపలతోను బాలశౌరి గారు ఆరోగ్యంగా నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని, వారు వెళ్లిపోయాక కూడా వణుకుతూనైనా మూత విప్పే చెయ్యి ఒకటి మాలో మిగలాలని, అది నాదే కావాలని మనసారా కోరుకుంటున్నాను.

— సీతారామారావు, గుమాస్తా
తిరువూరు, జూన్ 1979