గోడ మీద సున్నాలు

హాలు నేల మీద, ఇంటిని సరిగ్గా రెండుగా చీలుస్తూ ఒక చాక్‌పీసు గీత. ఇటు పక్క అన్నగారు. ఎదురుగా, వైరింగ్ ప్లాను కాగితంతో ఎలక్ట్రీషియన్.

"ఒక్క తీగ కూడా! ఒక్క తీగ కూడా ఈ గీత దాటి మా తమ్ముడి వైపు వెళ్లకూడదు చెల్లెమ్మా. రేపు గోడ లేస్తుంది. కరెంటు వేరు, నెట్ వేరు, మోటారు వేరు. రాసుకున్నావా?"

"రాసుకున్నానండి అన్నగారూ. అసలు గొడవంతా మోటారు దగ్గరేనటగా?"

"ఎవరు చెప్పారు?"

"వీధంతా తడిసింది కదండీ."

"స్విచ్చేమో వాడి వైపు. ఆపరా, ఆపరా అని మూడుసార్లు అరిచాను. ట్యాంకు పొంగి, మేడ మీద ఎండేసిన నా పరుపు తడిసి ఏనుగంత బరువైంది. పైగా, 'నువ్వే వచ్చి ఆపొచ్చుగా అన్నయ్యా' అంటాడా! గోడ కట్టించేస్తానన్నాను. కట్టించుకో అన్నాడు. అంతే... ఆగాగు. ఈ కాగితంలో నిలువు గీత గోడేనా?"

"గోడేనండి."

"మరి గోడ మీద ఈ సున్నాలేంటి?"

"అవా... ముందు మీ పడగ్గది లైట్లు చూద్దామండి. మంచం దగ్గర ఒక స్విచ్చు..."

"సున్నాలు, చెల్లెమ్మా."

"గొట్టాలండి. గోడలోంచి వైర్లు అటు వెళ్లడానికి."

"ఎవరు పెట్టమన్నారు?"

"చెప్పనని ఒట్టేశానండి."

"ఎవరికి?"

"మొదటి సున్నా వదినగారికి."

"మా ఆవిడకా!"

"వంటింటికీ వంటింటికీ మాట్లాడుకునే ఫోనండి. తోడికోడల్ని అడక్కపోతే ఉప్పెంతో తేలదట."

"నిన్న నా ముందు, 'ఇక వాళ్ల ముఖం చూడను' అందే!"

"ఫోన్లో ముఖం కనబడదుగా అండీ."

"ఊఁ. రెండోది?"

"అమ్మగారిది. మంచం దగ్గర ఒకటే బెల్లు, నొక్కితే రెండిళ్లలోనూ మోగాలట. ఎవరు ముందు పరిగెత్తుకొస్తారో చూస్తారట."

"మా అమ్మే! సందేహం లేదు. మూడోది?"

"పిల్లలది. ఒకే నెట్ రెండు వైపులా రావాలని. సన్న గొట్టమేలెండి."

"అంటే ఇంటిల్లిపాదీ ఒకటయ్యారన్నమాట. పోనీ, వాడికి మాత్రం ఏమీ పెట్టలేదుగా?"

"మంచం దగ్గర స్విచ్చు..."

"చెల్లెమ్మా!"

"ఆ పెద్ద సున్నా తమ్ముడుగారిదండి."

"చూశావా! నాకు తెలుసు. నా వైపు నుంచి ఏం లాగుతున్నాడు?"

"లాగడం కాదండి, ఇస్తున్నారు. మోటారు స్విచ్చు మీ మంచం పక్కన పెట్టమన్నారు. ఇందాకట్నుంచీ నేను చెప్పబోతున్నది ఆ స్విచ్చు సంగతే. ట్యాంకు నిండగానే దానంతటదే ఆగిపోయే పరికరం కూడా పెట్టమన్నారు. 'అన్నయ్య ఇంక గొంతు చించుకోనక్కర్లేదు' అన్నారు."

"...ఎప్పుడన్నాడు?"

"పొద్దున, మీరు స్నానానికి వెళ్లినప్పుడు."

"ఊఁ... సరే. ఇంకో సున్నా గియ్యి."

"మీకా? దేనికండి?"

"వాడు తెల్లారగానే రేడియో పెడతాడు. పాతికేళ్లుగా ఆ గోలకే లేస్తున్నాను. అది కాస్త నా గదిలోకి వినబడేలా... టైము తెలియడానికే సుమా!"

"టైము తెలియడానికేనండి. ఇదిగో, ఐదో సున్నా. అయితే ఒక చిక్కుందండి. నాలుగు చూసే తాపీమేస్త్రి తల పట్టుకున్నాడు. ఇన్ని చిల్లులు పొడిస్తే అది గోడ కాదు, జల్లెడ అన్నాడు."

"మరేం చెయ్యమంటాడు?"

"మధ్యలో ఒక తలుపు పెట్టుకోమంటున్నాడు. తీగలన్నీ గుమ్మం పైనుంచి పోతాయి."

"తలుపా? తలుపంటే గడియ ఉండాలి. గడియ ఎవరి వైపు? వాడి వైపంటే చచ్చినా ఒప్పుకోను."

"ఆ మాట ఆయన్నే అడగండి. మీరు రేడియో మాటెత్తినప్పట్నుంచీ మీ వెనకే నిలబడ్డారు."

"నీ వైపే పెట్టించుకో అన్నయ్యా. నువ్వెలాగూ వెయ్యవు."