షఫీ సార్ చిట్టీల డబ్బా

ఏంది మనస్విని, పిల్లల పరీక్ష పేపర్ల మీద గన్ని ఎర్రగీతలు కొడుతున్నవ్? సున్నా పెడితే ఆ పిల్లకు ఏడ రాలేదో నీకెట్ల ఎరుకైతది? కూసో బిడ్డా, చాయ్ తాగుకుంట విను. మాకు షఫీఉద్దీన్ సార్ అని ఉండె. యాకుత్‌పురాల ఏడో తరగతికి లెక్కలు చెప్పేటోడు. ఇంట్ల ఉర్దూ, క్లాసుల మన తెలుగే, మస్తు సాఫ్. నోట్లె పాన్ ఎప్పుడూ ఉండాలె, ఆ పాన్‌డబ్బా సంగతి చెప్తే... సరే, అది ఇడ్సిపెట్టు.

సార్ కాడ ఒక బిస్కెట్ల డబ్బా, దాంట్ల చిట్టీలు. చిన్న పరీక్షల లెక్క కాడ ఆగిపోయినోళ్లు చిట్టీ అడగొచ్చు. ఆ లెక్క చేసే మొదటి రెండు మెట్లు దాంట్ల రాసుంటయి. మార్కులు కోసుడు లేదు. వారమైనంక ఆ చిట్టీనే సగం చింపి ఒక్క మెట్టే ఇస్తడు. ఆనెంక అదీ ఉండది. "స్లాబ్ ఏసినంక కింద ఆపిన సెంట్రింగ్ చెక్కలు ఎప్పుడు ఇప్పాలె మియా? ఎండినంకనే గదా" అంటుండె. మరి ఎండిందో లేదో తెల్వాలంటే చిట్టీ తీస్కున్నోళ్ల పేర్లు కావాలె. ఆయన రెండు క్లాసులు చూస్కునేటోడు, గందుకే డబ్బా, పేర్ల నోటుబుక్కు నాకిచ్చిండు. నేను లీడర్ని. నోటుబుక్కుల పేరున్నోళ్లను సార్ సాయంత్రం ఆపి మల్ల చెప్తుండె.

మా గల్లీల గుండయ్య బిడ్డ సుశీల ఉండె. "ఈసారి ఫేలైతే బడి బంద్, లక్కగాజుల పనికి కూసోవెడ్త" అని నాయిన ఒక్కటే లొల్లి. ఆ పిల్ల ప్రతి లెక్కకు చిట్టీ తీస్కునేది. ఒకనాడు మెల్లగ, "రామ్‌చందర్, రోజూ నా పేరేనా? సిగ్గయితుంది. రాయకు" అన్నది. పాపం అనిపించింది. రాయలే. రెండు నెలలు రాయలే. సార్ నోటుబుక్కు చూసి మస్తు ఖుష్. "సుశీలకు ఇగ ఫికర్ లేదు" అని సాయంత్రం ఆపుడే బంద్ చేసిండు. నాక్కూడ మంచి పనే చేసిన అనిపించింది, చూడు.

పెద్ద పరీక్షల చిట్టీలు ఏడుంటయి? సుశీలకు లెక్కల వందకు పందొమ్మిది మార్కులొచ్చినయి.

సార్ గుండయ్య ఇంటికి వచ్చిండు. నేను గడప కాడ నిలవడ్డ. "ఫేలయింది నీ బిడ్డ గాదు గుండయ్యా, నేను. ఇంకొక్క ఏడాది చదివియ్యి" అని బతిలాడిండు. గుండయ్య ఇనలే, బడి బంద్ అన్నడు. సార్ ఆ పిల్లనడిగిండు, "బేటీ, చిట్టీలు తీస్కున్నవా?" సుశీల నా దిక్కు ఒక్కసారి చూసింది. "లేదు సార్" అన్నది. నేను నోరిప్పలే.

మర్నాడే ఆ డబ్బా నా కాడ వాపస్ తీస్కొని బీరువల పెట్టి తాళమేసిండు. "ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో నాకు చూసుడు రాదు" అన్నడు. రిటైరయ్యేదాంక మల్ల తియ్యలే. ఎంతమంది పిల్లలో, లెక్క కాడ ఆగినోళ్లు గట్లనే ఆగి కూసున్నరు.

తర్వాత సార్ కిషన్‌బాగ్‌కు మారిండు. ఇరవై ఏండ్లు ప్రతి ఈద్‌కు పోయిన బిడ్డా, సుశీల పేరు రాయంది నేనేనని ఈసారి చెప్తనని. పక్కన కూసోవెట్టుకొని షీర్‌ఖుర్మా పోసేటోడు. తాగి వస్తుంటి.