మూడో మనిషి

విహారయాత్రకు వచ్చిన భార్యాభర్తలు అద్దెకార్ల ఆఫీసులో నిలబడ్డారు. గుమాస్తా ఫోనులో ఉన్నాడు.

“డ్రైవర్ని కూడా పెట్టుకుందాం.”

“ఎందుకూ దండగ? మీకు నడపడం వచ్చుగా!”

“నడుం నొప్పిగా ఉంది.”

“పొద్దున లేదే!”

“దారి తెలీదు.”

“ఫోను చెబుతుంది. అసలు సంగతేంటో చెప్పండి.”

ఆయన తలొంచుకున్నాడు.

“ఎవరైనా పక్కనుంటేనే నువ్వు నాతో బాగా మాట్లాడతావు. కనీసం ఈ నాలుగు రోజులైనా...”

ఆమె మొహం తిప్పుకుంది. ఇంతలో గుమాస్తా ఫోను పెట్టేసి, “చెప్పండి మేడమ్,” అన్నాడు.

ఆమె నవ్వు తెచ్చుకుంది.

“డ్రైవర్ కూడా కావాలండీ. మావారికి నడుం నొప్పి. పాపం, ఈమధ్య రాత్రుళ్లు నిద్ర కూడా పట్టడం లేదు.”

నిద్ర పట్టడం లేదన్న సంగతి ఆయన ఆమెతో ఎప్పుడూ అనలేదు.