యాభైరెండో శరణం

బాన్సువాడలో ఒక దవాఖాన, ఎముకల వార్డు. మంచం మీద పోసవ్వ. పక్కన నల్లబట్టల్లో, మెడలో అయ్యప్ప మాలతో కొడుకు దేవిదాసు. నర్సు హేమలత చేతిలో ఆపరేషన్ కాగితం.

"వెయ్య అన్న గద సిస్టరమ్మా. ఎన్నిసార్లు అడిగినా ఏలిముద్ర వెయ్య."

"మాతా, చేతులు జోడిస్త..."

"దించు సామీ, దించు. మాల ఏసుకున్నోనివి. చేతులు జోడించేది అయ్యప్పకు, నాకు గాదు."

"అవ్వా, తుంటి బొక్క రెండు ముక్కలైంది. రేపటికల్లా రాడ్ వెయ్యకుంటె మంచానికే అతుక్కపోతవు. వీపంతా పుండ్లు వడ్తయి. ఛాతిల కఫం నిండుతది."

"పదకొండు దినాలు ఆగుత. సామిని శబరిమల పోయి రానీ. అటెన్క ఎంతనన్న కోసుకోండ్రి."

"పదకొండు దినాలు ఈ నొప్పి ఓర్సుకుంటవా?"

"నొప్పిదేముంది బిడ్డా. పాణం పొయ్యేదే ఫికర్. గా బల్ల మీద నేను పోతె సామికి మైల వడ్తది. మాల తియ్యాలె. ముప్పై దినాల దీక్ష గంగల కలుస్తది."

"ఆపరేషన్ చెయ్యకుంటెనే పొయ్యేది ఎక్కువ. స్వామీ, మీరన్నా చెప్పుండ్రి."

"పొద్దటి సంది చెప్తనే ఉన్న సిస్టర్. వింటలేదు."

"చలి మొదలైతే చాలు, వారానికి ఇద్దరు ముగ్గురు ముసలోళ్ళు గిట్లనే వస్తరు. ఎండకాలం ఇంతమంది రారు. చీకట్ల లేస్తరు, చలికి కాళ్ళు కొయ్యవారుతయి, కింద తడి ఉంటది. ఇంతకు యాడ వడ్డది?"

"వాకిట్ల."

"వాకిట్ల యాడ?"

"స్నానం చేసే బండ కాడ."

"మంచు కురిసి కాలు జారింది బిడ్డా."

"మంచుకు చీర మొత్తం తడుస్తదా అవ్వా? నీళ్ళు ఎవరు పోసిండ్రు?"

"నేనే సిస్టర్. నాలుగింటికి చన్నీళ్ళ స్నానం చేసిన. బండ తుడువకనే పోయి పూజల కూసున్న."

"సామి తప్పేం లేదు. బిందె లోపల పెడదామని నేనే పోయిన."

"వచ్చినప్పుడు అవ్వ ఒళ్ళంత చల్లగయ్యి ఉండె. ఎంతసేపు పడి ఉన్నదో ఏమో. ఇంట్ల ఎవరూ లేకుండెనా?"

"మా ఇంటామె రోజారాణి పిట్లం పోయింది సిస్టర్, వాళ్ళమ్మగారింటికి."

"మరి మీకు చప్పుడు..."

"శరణాలు చదువుతుండె గదా బిడ్డా! నా కొడుకు గొంతు లేస్తె నిజాంసాగర్ కట్ట దాక ఇనవడ్తది. ఇగ నా చప్పుడేం ఇంటడు?"

"గట్టిగ పిలువొద్దా అవ్వా?"

"ఎట్ల పిలుస్త? నూటెనిమిది శరణాలు, నడుమ ఆపొద్దు. కొంగు నోట్లె కుక్కుకున్న. అట్లనే పండుకోని లెక్కవెట్టిన. సామి ఒక్కటి గూడ తప్పలే."

"అయ్యో! నడుమ లేస్తె దేవుడు గంత కోపం చేస్తడా అవ్వా?"

"నాకేం ఎరుక తల్లీ. అడుగుదమంటె ఆయన ముంగట లేకపాయె."

"ఇంతకు మొక్కు దేనికోసం?"

"నాకోసమే. నా మోకాళ్ళ నొప్పులు పోవాలె, నేను మంచిగ నడవాలె అని. అసొంటి కొడుకు దీక్ష నా చేతుల చెడగొట్టుకుంటనా? గప్పుడు నోరు తెరువనిదాన్ని, గిప్పుడు ఏలు పెడ్తనా?"

"మాతా, ఇగ చాలు."

"ఏం చాలు? నీకు ఇనవడకుండ పండుకున్న. గది చాలు నాకు."

"ఇనవడ్డది."

"ఏంది?"

"నువ్వు వడ్డ చప్పుడు ఇనవడ్డది, అమ్మా. బిందె దొర్లింది గూడ ఇన్న. యాభైరెండో శరణం కాడ. లేస్తె పూజ చెడ్తదని... నూటెనిమిది అయి, హారతి ఇచ్చినంకనే లేచిన."

"ఇన్నంక గూడ లేవలేదా స్వామీ?"

"అమ్మా, ఏమన్న అను. తిట్టు. అట్ల సూడకు."

"అవ్వా? అవ్వా, నొప్పి లేస్తున్నదా?"

"సిస్టరమ్మా, గా కాగితం ఇటు తే. దేవిదాసూ, నా చెయ్యి పట్టు."